అలోయిస్ అల్జీమర్ వైద్యుని చరిత్రము

లోకమున వైద్యులు పెక్కురు కలరు. కొందరు తాము కనిపెట్టిన ఔషధములవలన కీర్తి గాంచిరి. మఱికొందరు తాము కట్టించిన వైద్యశాలలవలన చిరస్మరణీయులైరి. అలోయిస్ అల్జీమర్ అను జర్మను వైద్యుని కీర్తి యట్టిది కాదు. ఆయన పేరు ఒక వ్యాధికే పేరై నిలిచినది. ఆ వ్యాధిని ఆయన మాన్పజాలలేదు. దానిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. అయినను, తన్ను తానే మఱచిపోవుచున్న యొక సామాన్య కుటుంబపు స్త్రీ ప్రక్కను కూర్చుండి, ఆమె తడబాటు మాటలను సైతము శ్రద్ధతో విని వ్రాసి పెట్టుటవలన, ఆయన మానవజాతికి మహోపకారము చేసెను. అట్టివాని చరిత్రము విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది.

ఇది దూరదేశపు ముచ్చట యని యెవరును తలంపరాదు. 2023లో ప్రకటింపబడిన పరిశోధన ననుసరించి, మన దేశమున అరువది యేండ్లు నిండినవారిలో నూటికి ఏడుగురికి మించి, అనగా సుమారు 88 లక్షలమంది, బుద్ధి క్షీణించు జబ్బుతో నున్నారు. అట్టి జబ్బులలో అల్జీమర్ వ్యాధియే ముఖ్యమైనది. మదనపల్లె వీథులలోను, పుంగనూరు చుట్టుపట్ల పల్లెలలోను, కుప్పము ప్రాంతపు గ్రామములలోను, ఇల్లు విడిచి పోయి దారి తెలియక తిరుగు తాతలును, భోజనము చేసిన వెంటనే తనకు అన్నము పెట్టలేదని దుఃఖించు అవ్వలును కలరు. కొందరు దీనిని చాదస్తమని నవ్వుదురు. కొందరు మొండితనమని కసరుదురు. మఱికొందరు గాలి సోకినదని తాయెత్తులు కట్టింతురు. అది వ్యాధి యని, మెదడునందలి వ్యాధి యని స్పష్టముగా చూపిన వారిలో అల్జీమర్ ముఖ్యుడు.

అలోయిస్ అల్జీమర్ 1864 వ సంవత్సరము జూన్ నెల 14 వ తేదీన, జర్మనీ దేశమున బవేరియా రాష్ట్రములో మైన్ నదీతీరముననున్న మార్క్‌ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ఎడ్వర్డ్ అల్జీమర్ దస్తావేజులు ధ్రువపరచు సర్కారు ఉద్యోగి. బిడ్డలకు మంచి చదువు చెప్పింపవలెనను కోరికతో ఆ కుటుంబము అషాఫెన్‌బుర్గ్ పట్టణమునకు తరలిపోయెను. అలోయిస్ అచ్చట పాఠశాల చదువు ముగించి, బెర్లిన్, వుర్ట్స్‌బుర్గ్, ట్యూబింగెన్ విశ్వవిద్యాలయములలో వైద్యశాస్త్ర మభ్యసించెను. దేహబలముగల యువకుడు, కత్తిసామునందు ప్రీతి కలవాడు, ఆ వినోదమున ముఖముపై తగిలిన గాయపు మచ్చ తుదివఱకు పోలేదు. అయితే ఆయన మనస్సును మిక్కిలిగా నాకర్షించినది సూక్ష్మదర్శిని. చెవియందు గుమిలిని పుట్టించు గ్రంథులను సూక్ష్మదర్శినితో పరిశీలించి వ్రాసిన వ్యాసమునకు 1887లో ఆయనకు డాక్టరు పట్టము లభించెను. చెవి గుమిలి యల్పవిషయమని మనము తలంపవచ్చును. కాని యల్పమైనదానిని ఓపికతో చూచుట నేర్చినవానికే గొప్ప విషయములు గోచరించును.

1888లో ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున మతి చెడినవారికిని, మూర్ఛరోగులకును ఏర్పడిన వైద్యశాలలో సహాయ వైద్యుడుగా చేరెను. ఆ కాలమున ఇట్టి రోగులను కట్టివేయుటయు, చేతులు కదపరాని బిగుతు చొక్కాలు తొడిగి గదులలో మూయుటయు పెక్కుచోట్ల నాచారముగా నుండెను. ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాలకు అధిపతియైన ఎమిల్ సియోలి యీ పద్ధతిని సహింపలేదు. ఆయనయు, అల్జీమరును, 1889లో వచ్చి చేరిన ఫ్రాంజ్ నిస్ల్ అను వైద్యుడును గలిసి కట్టడులను తొలగించి, రోగులకు పడక విశ్రాంతియు, వెచ్చని నీటి స్నానములును, తోటలో సంచారమును ఏర్పాటు చేసిరి. నిస్ల్ నాడీకణములు సూక్ష్మదర్శిని క్రింద తేటగా కనబడునట్లు వానికి రంగు వేయు విధానమును కనిపెట్టిన మేధావి. పగలు రోగులను చూచుట, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట సూక్ష్మదర్శిని చెంత కూర్చుండుట — ఇది యా మిత్రు లిరువురి దినచర్య.

వారి యుద్దేశమును మన ప్రాంతపు ఉదాహరణముచే చక్కగా గ్రహింపవచ్చును. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమునకు ఒకప్పుడు దక్షిణదేశపు నలుమూలలనుండి క్షయరోగులు చికిత్సకై వచ్చుచుండిరి. రోగి కఫమును సూక్ష్మదర్శినితో చూచి, అందు క్షయక్రిమి కలదో లేదో వైద్యులు నిర్ణయించుచుండిరి. ఆ క్రిమిని 1882లో జర్మనీలో రాబర్ట్ కాక్ కనిపెట్టెను. అంతకుముందు క్షయయు శాపమనియో, వంశదోషమనియో చెప్పబడిన జబ్బే. కఫమున కారణము కనబడినట్లే, మతి చెడినవారి మెదడునందును కంటికి కనబడు మార్పేదియో యుండవలెనని అల్జీమరును నిస్లును విశ్వసించిరి.

1894లో అల్జీమర్ సిసీలియా అను వితంతువును వివాహమాడెను. ఆమె యూదుల కుటుంబమునకు చెందినది, సంపన్నురాలు. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. కాని సుఖము చిరకాలము నిలువలేదు. 1901 ఫిబ్రవరిలో సిసీలియా మరణించెను. బిడ్డలను పెంచుటకు అల్జీమర్ చెల్లెలు వచ్చి యింట నిలిచెను. ఆయన తన దుఃఖమును పనిలో మఱవ యత్నించెను. ఆ సంవత్సరాంతముననే ఆయన జీవితమునకు మలుపైన సంఘటన జరిగెను.

1901 నవంబరు 25 వ తేదీన ఆగుస్టె డీటర్ అను స్త్రీని ఆ వైద్యశాలకు తీసికొనివచ్చిరి. ఆమె వయస్సు 51 సంవత్సరములు మాత్రమే. భర్త రైల్వే గుమాస్తా. కొన్ని నెలలుగా ఆమెకు జ్ఞాపకశక్తి తగ్గుచుండెను. భర్తపై నిష్కారణముగా అనుమానపడుచుండెను; వంట చెడగొట్టుచుండెను; వస్తువులను దాచి, దాచినచోటు మఱచుచుండెను; రాత్రులు దుప్పట్లు ఈడ్చుకొనుచు ఇల్లంతయు తిరుగుచు కేకలు వేయుచుండెను. మఱునాడు అల్జీమర్ ఆమె ప్రక్కను కూర్చుండి ప్రశ్నించెను. పేరడిగిన చెప్పెను, భర్త పేరడిగినను తన పేరే చెప్పెను. పెన్సిలు, కలము, తాళపుచెవి మొదలగునవి చూపగా వానిని సరిగా గుర్తించెను. కొంతసేపటికి ఏమేమి చూచితివని యడుగగా నొక్కటియు చెప్పలేకపోయెను. పేరు వ్రాయుమనగా ప్రారంభించి, ఏమి వ్రాయుచున్నదో నడుమనే మఱచి నిలిచిపోయెను. తన్ను తాను పోగొట్టుకొంటినను భావము ఆమెకే తోచి, ఆ మాటనే మాటిమాటికిని చెప్పుకొనుచుండెను. అల్జీమర్ ఈ ప్రశ్నలను, సమాధానములను, ఆమె ముఖభావములను సైతము దినదినము కాగితములపై వ్రాసి యుంచెను. అర్థములేని మాటలని వానిని విడువలేదు. వైద్యుని గొప్పతనము మొదట ఇచ్చటనే కనబడుచున్నది.

1903లో ఆయన ఎమిల్ క్రేపెలిన్ అను ప్రసిద్ధ మానసిక వైద్యాచార్యుని పిలుపుపై ఫ్రాంక్‌ఫర్ట్ విడిచి, మొదట హైడెల్‌బర్గునకును, పిమ్మట మ్యూనిక్ నగరమునకును పోయెను. భార్య విడిచిపోయిన సంపద యుండుటచే మ్యూనిక్‌లో కొంతకాలము జీతము లేకుండగనే పరిశోధనశాలను నడపెను. అనేక దేశముల యువవైద్యు లాయన శిష్యులైరి. శిష్యుని ప్రక్కను కూర్చుండి, అదే సూక్ష్మదర్శినిలో చూచుచు, చిత్రములు గీచి చూపుచు బోధించుట ఆయన పద్ధతి. ఊరు మారినను ఆగుస్టె నాయన మఱవలేదు. ఆమె స్థితిని విచారించుచునే యుండెను. 1906 ఏప్రిల్ 8 వ తేదీన ఆమె మరణించెను. సియోలి ఆమె చికిత్సా పత్రములను, మెదడును మ్యూనిక్‌నకు పంపెను.

అల్జీమర్ ఆ మెదడును పలుచని పొరలుగా కోసి, మాక్స్ బీల్షోవ్‌స్కీ కనిపెట్టిన వెండి లవణపు రంగు వేసి పరిశీలించెను. మెదడు కుంచించుకొనిపోయి యుండెను. నాడీకణములలో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వఱకు, లోపలి సన్నని పోగులు చిక్కుపడిన నూలువలె ముద్దలై యుండెను. కొన్నియెడల కణము నశించి చిక్కుముడి మాత్రమే మిగిలియుండెను. మెదడు పైపొర యంతటను ఆవగింజలు చల్లినట్లు చిన్న చిన్న మచ్చలు కానవచ్చెను. ఆ మచ్చలలోనిది అమైలాయిడ్ అను మాంసకృత్తు అనియు, చిక్కుముడులలోనిది టౌ అను మాంసకృత్తు అనియు 1980 తరువాతి సంవత్సరములలో తేలినది.

1906 నవంబరు 3 వ తేదీన ట్యూబింగెన్ నగరమున జరిగిన మానసిక వైద్యుల సభలో ఆయన తాను చూచినదానిని వివరించెను. సభ్యులలో నొక్కరైనను ప్రశ్న వేయలేదు, చర్చ జరుగలేదు. మఱుసటి సంవత్సరము ఆ యుపన్యాసము కొలది పుటలలో ముద్రింపబడెను. అల్జీమర్ నిరుత్సాహపడక యిట్టి యితర రోగుల మెదళ్లను పరిశీలించుచునే యుండెను. 1907లోనే ప్రేగ్ నగరమున ఆస్కార్ ఫిషర్ అను వైద్యుడును అట్టి మచ్చలనే అనేక వృద్ధుల మెదళ్లలో చూచి ప్రకటించెను. ఆయన శ్రమయు స్మరింపదగినది. 1910లో క్రేపెలిన్ తన గ్రంథమున ఈ వ్యాధికి అల్జీమర్ వ్యాధి యని పేరుపెట్టెను. ఇది నడివయస్సున అరుదుగా వచ్చునదనియు, ముసలితనపు మఱపు వేఱనియు చిరకాలము తలంచిరి. 1976లో అమెరికాయందు రాబర్ట్ కాట్జ్‌మన్ అను వైద్యుడు, వృద్ధుల మతిమఱపులో నధికభాగ మీ వ్యాధియే యని వాదించిన పిమ్మట లోకము దృష్టి దీనిపై పడెను.

1912లో అల్జీమర్ బ్రెస్లా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆ నగరము నేడు పోలండు దేశములో వ్రోత్స్వాఫ్ అను పేర నున్నది. కాని అప్పటికే జబ్బుపడి ఆయన గుండె దుర్బలమైయుండెను. 1915 డిసెంబరు 19 వ తేదీన, ఆయన మరణించెను. ఆగుస్టె ఆయన కంటబడినప్పుడు ఆమె వయస్సెంతయో, మరణకాలమున ఆయన వయస్సును అంతయే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య సమాధి ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి.

అల్జీమర్ చూచినది మరణించిన మెదడు. ఇల్లు కూలిన పిమ్మట గోడల యానవాళ్లు కనబడునే కాని, ఆ యింట జరిగిన సంభాషణ వినబడదు. సజీవమైన మెదడునందు కణములు ఒకదానితో నొకటి యేమి చెప్పుకొనుచున్నవో తెలిసికొను సాధనములు ఆయనకు లేవు. ఆయన విడిచిన పనిని తరువాతివారు కొనసాగించిరి. వారు కనుగొన్న వానిలో మిక్కిలి విశేషమైనది మెదడునందలి నిరోధక సంజ్ఞల సంగతి.

పుంగనూరు ప్రాంతమున చెరువుక్రింది సేద్యము నెఱిగినవారికి నీరుగంటి యనగా నెవరో తెలియును. అతడు దున్నడు, నాటడు, కోయడు. తూము తెఱచుట, మూయుట, ఏ మడికి ఎప్పుడు నీరు వదలవలెనో, ఎప్పుడు కట్టవలెనో చూచుట అతని పని. అతడు లేనిచో ఒక మడి మునుగును, ఒక మడి యెండును. మెదడునందును ఇట్టి యేర్పాటు కలదు. కొన్ని కణములు గ్లూటమేట్ అను ద్రవ్యముచే పొరుగు కణములను ప్రేరేపించును. వేఱు కొన్ని గాబా అను ద్రవ్యముచే పొరుగు కణములను నిలుపును. ఈ రెండవవి మెదడు పైపొర కణములలో సుమారు ఐదవ వంతు, లేక దానికి కొంచెము మించి యుండును. ఇవియే మెదడునకు నీరుగంట్లు. నాడులలో ప్రేరణయే కాక నిరోధమును కలదని ఇంగ్లండు దేశపు చార్లెస్ షెరింగ్టన్ విశదపరచెను. ఆయనకు 1932లో నోబెల్ బహుమాన మీయబడెను. గాబా మెదడునందున్నదని 1950లో అమెరికాయందు యూజీన్ రాబర్ట్స్ ప్రకటించెను. జ్ఞాపకమనగా కణములన్నియు నొక్కమారు మేలుకొనుట కాదు; కావలసినవి మేలుకొని, తక్కినవి ఊరకుండుట. నిరోధము లేనిదే స్మృతి లేదు.

అల్జీమర్ వ్యాధిలో ఈ నీరుగంట్లకే ముప్పు వాటిల్లుచున్నదని ఇటీవలి పరిశోధనలు చూపుచున్నవి. అమైలాయిడ్ మచ్చలు పుట్టునట్లు పెంచిన ఎలుకల మెదళ్లలో, బయటికి వణుకు కనబడకుండగనే మూర్ఛవంటి ఉద్రేకములు కలుగుచున్నవని 2007లో తేలెను. అల్జీమర్ పనిచేసిన మ్యూనిక్ నగరముననే 2008లో పరిశోధకులు సజీవమైన ఎలుక మెదడును పరిశీలించి, మచ్చలకు చేరువనున్న కణములు మితిమీరి పనిచేయుచున్నవనియు, దానికి కారణము నిరోధము తగ్గుటయే యనియు తెలిపిరి. 2012లో మఱియొక పరిశోధనమువలన, శీఘ్రముగా పనిచేయు ఒక జాతి నిరోధక కణములలో సోడియమును లోనికి విడుచు ద్వారములు తక్కువపడుటచే అవి తమ పని చేయలేకున్నవని తెలిసెను. 2024లో అమెరికాయందలి సియాటిల్ నగరమున, మరణానంతరము 84 మంది దానముచేసిన మెదళ్లను పరీక్షించినవారు, సొమాటోస్టాటిన్ అను ద్రవ్యమును గూడ కలిగియుండు నిరోధక కణములు వ్యాధి తొలిదశయందే నశించుచున్నవని ప్రకటించిరి.

అయితే నిరోధము అంతటను తగ్గుననుకొనరాదు. 2014లో కొరియా దేశపు పరిశోధకులు, మచ్చల చుట్టును చేరిన పోషక కణములు తామే గాబాను పుట్టించి విడుచుచున్నవనియు, అందుచే జ్ఞాపకమునకు ముఖ్యమైన యొక భాగమున నిరోధము మితిమీరుచున్నదనియు చూపిరి. ఒక మడి మునిగి, మఱియొక మడి యెండినట్లే యిదియును. కావున ప్రేరణను తగ్గించు మందు గాని, పెంచు మందు గాని విచక్షణ లేక యిచ్చిన ప్రయోజనము లేదు. మూర్ఛరోగమునకు వాడు లెవెటిరాసెటాం అను మందును 34 మంది అల్జీమర్ రోగులకు స్వల్పమోతాదులో నిచ్చి పరీక్షించిన ఫలితములు 2021లో వెలువడెను. అందఱికిని మేలు కలుగలేదు. మెదడునందు గుప్తమైన మూర్ఛలక్షణము లున్నవారికి మాత్రము కొన్ని పరీక్షలలో కొంత మెఱుగు కనబడెను. ఇది చికిత్స కాదు. చికిత్సకు దారి చూపు దీపము. మందులను వైద్యుని యాజ్ఞ లేక యెవరును వాడరాదు.

అల్జీమర్ వ్రాసిన ఆగుస్టె చికిత్సా పత్రములు చిరకాలము కనబడకపోయెను. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాలయందు కోన్రాడ్ మౌరర్ అను వైద్యుడును ఆయన సహచరులును వానిని వెదకి తీసిరి. అప్పటికి ఆమె మరణించి ఎనుబదితొమ్మిది సంవత్సరములు గడచినవి. తన పేరునే వ్రాయజాలని స్త్రీ పేరు, ఆమెను శ్రద్ధతో చూచిన వైద్యుని చేవ్రాలులో భద్రముగా నిలిచియుండెను.

విద్యార్థులారా, ఈ చరిత్రమువలన మీరు నేర్వవలసినది కలదు. మీ యింట అవ్వ యొక్క ప్రశ్ననే పదిమార్లడిగిన, అది మిమ్ము వేధించుటకు కాదు. మొదటి తొమ్మిది సమాధానములు ఆమె యందు నిలువలేదు. తాత రాత్రివేళ లేచి తిరుగుచు కోపించిన, అది దుర్గుణము కాదు. మెదడునందు నిలుపవలసిన కణములు నిలుపజాలకున్నవి. వారిని జ్ఞాపకమున్నదా యని పరీక్షించి సిగ్గుపఱచకుడు. మీ పేరు మీరే చెప్పి చెంత కూర్చుండుడు. గదిలో చిన్న దీప ముంచుడు, ఒంటరిగా బయటికి పోకుండ చూడుడు, కట్టివేయకుడు. మఱపు కనబడిన వెంటనే వైద్యునకు చూపుమని తలిదండ్రులకు చెప్పుడు. థైరాయిడ్ లోపమువలనను, బి12 విటమిను లోపమువలనను కలుగు మఱపు కొన్నియెడల చికిత్సచే తగ్గును. బెంగుళూరునందలి నిమ్‌హాన్స్ వైద్యశాలకు కుప్పమునుండి రైలున పోవచ్చును. తాయెత్తులకై తిరుగు కాలమును అచ్చటికి పోవుటకు వినియోగించుట మేలు.

మందు లేని వ్యాధికి సైతము చేయదగినది కలదని అల్జీమర్ తన జీవితముచే చూపెను. ప్రక్కను కూర్చుండుట, వినుట, చూచినదానిని దాచక వ్రాయుట, ఎవరును ప్రశ్నింపకున్నను పని విడువకుండుట — ఇవి యన్నియు విద్యార్థియైన ప్రతివానికిని సాధ్యములే.